మా వంటింట్లో మోకరిల్లిన జంట

మా చిన్నప్పుడు... మరీ పాత ముచ్చటేం కాదు, నేను ఏడో తరగతి... దుబాయ్ ఇంటర్నేషనల్ సిటీలో మా ఎదురు ఫ్లాట్ చైనా అమ్మాయి లిన్, నా జెల్ పెన్నుల డబ్బా తీసుకుని బదులుగా రెండు చిన్న ఇనుప బొమ్మలిచ్చింది. మొగుడూ పెళ్లాం... మోకాళ్ల మీద, తల వంచుకుని. వాళ్ల ఊళ్లో పాత గుడి దగ్గర కొన్నవట.

"గుడి నుంచి వచ్చినయి కింద పెడ్తరానే?" అంటూ అమ్మ వాటిని కడిగి, వంటింటి అల్మారాలో దేవుడి గూట్లో పెట్టి బొట్టు పెట్టింది. ఎంత భక్తిగా తల వంచారో అని మురిసిపోయింది కూడా.

అప్పుడు నాన్న వరంగల్‌లో చిక్కుకుపోయాడు. నానమ్మను చూడ్డానికి పది రోజులకని వెళితే, కరోనాతో విమానాలు ఆగిపోయాయి. నెలాఖరుకు రాకపోతే వేరే మనిషిని పెట్టుకుంటానని ఆఫీసు ముదీర్, అదే మేనేజర్, ఫోన్ చేశాడు. ఆ రోజు నుంచి అమ్మ పూటపూటా ఆ జంటకే మొక్కేది.

ఒకరోజు లిన్ వాళ్లమ్మ కుడుముల్లాంటివేవో గిన్నెలో తెచ్చింది. గూటివైపు చూసి అలాగే నిలబడిపోయింది. ఫోన్‌లో ఏదో టైప్ చేసి, ఇంగ్లిషులోకి మార్చి నాకు చూపించింది. నేను చదివి అమ్మకు తెలుగులో చెప్పాను...

అది దేవుడి గుడి కాదు, ఒక సేనాపతిది. యుద్ధాలు గెలిచిన ఆయన మీద అబద్ధపు నేరం మోపి చంపించింది ఈ మొగుడూ పెళ్లాలే. అందుకే వందల ఏళ్లుగా ఆయన సమాధి ముందు వీళ్ల విగ్రహాలను మోకాళ్ల మీద ఉంచారు. వచ్చినవాళ్లు వాటిమీద ఉమ్మేవారట.

అమ్మ కుర్చీలో కూలబడింది. "గందుకేనేమో మీ నాన వస్తలేడు... చేజేతుల నేనే చేసుకున్న."

లిన్ వాళ్లమ్మ గబగబా ఇంటికెళ్లి, లిన్ తన దగ్గరే దాచుకున్న మూడో బొమ్మ తెచ్చింది. సేనాపతి. ఆయన్ని గూట్లో కూర్చోబెట్టి, జంటను ఆయనవైపు తిప్పింది. "ఖలాస్, సిస్టర్. నౌ ఓకే" అంది. అమ్మకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

తరువాతి వారమే విమానాలు మొదలయ్యాయి. సూట్‌కేసుతో నాన్న గుమ్మంలో కనబడగానే మాకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. ఉద్యోగమూ నిలబడింది.

మర్నాడు చూస్తే ఆ జంటకు మళ్లీ కొత్త బొట్టు. "వీళ్లకెందుకమ్మా ఇంకా?" అన్నాను.

"అందరు ఉమ్మితే ఉమ్మనీ. ఇన్ని దినాలు నా మొర విన్నది వీళ్లే కదనే."

ఇప్పుడు లిన్ వాళ్లు వెళ్లిపోయారు. ఎదురు తలుపు ముందు ఎవరెవరివో చెప్పులుంటాయి, గిన్నె పట్టుకుని తలుపు తట్టేవాళ్లు లేరు... బొమ్మలు మూడూ మా గూట్లోనే ఉన్నాయి. ఎవరో ఏమిటో తెలియకుండానే మీ అమ్మ చేత బొట్టు పెట్టించుకున్న బొమ్మలు మీ ఇంట్లోనూ ఉన్నాయా... చెప్పండి, వింటాను.