తలుపు లేని తాళాల కొట్టు

ఊళ్లో సగం ఇళ్లకు తాళంచెవులు చేసిచ్చిన తాళాలక్క కొట్టుకు తలుపే లేదు. పాత మేడ మెట్ల కింద నాలుగడుగుల చోటు, ఒక బల్ల, ఒక ముక్కాలిపీట, అంతే. అది ఆమె తండ్రి పెట్టిన పద్ధతి. "మారు తాళంచెవి చేసేవాళ్ల చేతులు నలుగురికీ కనబడాలమ్మా" అనేవాడాయన. సాయంత్రమైతే ఆకురాళ్లూ పట్టకార్లూ డబ్బాలో సర్దుకుని ఇంటికి పట్టుకుపోయేది. "అందరికీ తాళాలిస్తావు, నీ కొట్టుకి గొళ్లెం కూడా లేదేంటక్కా?" అని పైమేడ దర్జీ రోజూ ఏడిపించేవాడు.

దొంగతనాలు పెరిగాయని ప్రభుత్వం ఈ పనికి లైసెన్సు పెట్టినప్పుడు అందరికన్నా ముందు తీసుకున్నది ఆమే. ఏడాది తిరక్కుండా అది రద్దయిందని ఉత్తరం వచ్చింది. తనిఖీ నోటీసుకు జవాబివ్వలేదట! ఆమెకసలు నోటీసే అందలేదు. ఇక ఒక్క తాళంచెవి చేసినా నేరమే. ఇరవైరెండేళ్ల పని ఒక్క కాగితంతో ఆగిపోయింది.

"ఊరుకోవే. సర్కారుతో మనకెందుకు? కొండను పొట్టేలు ఢీకొన్నట్టుంటుంది" అన్నాడు మొగుడు.

"నన్నొక్క మాటైనా అడక్కుండా నా పొట్ట కొట్టారు. కొమ్ములు విరిగితే విరగనీ!" అందామె.

అప్పీలు పెట్టి, ఫైలు నకలు అడిగి తెచ్చుకుంది. అందులో లైసెన్సుల ఇన్‌స్పెక్టరు రాసిన ముక్క చదివి, కోపమంతా మరిచి పకపకా నవ్వింది. విచారణ రోజు దాకా ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజు అప్పీలు అధికారిణి ముందు చేతులు కట్టుకుని అడిగింది. "కొట్టుకి తాళం వేసుంటే నోటీసు తలుపుకి అంటించామని రాశారండీ. ఏ తలుపుకండీ?"

"మీ కొట్టు తలుపుకే" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఏ రంగుదండీ?"

"ఆకుపచ్చ... అనుకుంటా."

అబద్ధమాడినా అతికినట్టుండాలి. పాపం, ఆయన ఆఫీసు కుర్చీ దిగకుండానే రాసేశాడు.

కొట్టు నాలుగు వీధుల అవతలే అని తెలిసి అధికారిణి లేచింది. మెట్ల దగ్గరికొచ్చి, తలుపుండాల్సిన చోట గాల్లో చెయ్యి ఆడించింది. "ఏదండీ మీ ఆకుపచ్చ తలుపు?" ఇన్‌స్పెక్టరు మెట్లు లెక్కపెడుతున్నట్టు పైకి చూశాడు. "అక్కకి తాళాలు చెయ్యడమే వచ్చండీ, తలుపులు రావు" అన్నాడు పైనుంచి దర్జీ. వీధంతా ఘొల్లుమంది.

వారం తిరిగేసరికి ఉత్తర్వు వచ్చింది. నోటీసు అందలేదనీ, చెప్పుకునే వీలివ్వకుండా చేసిన రద్దు చెల్లదనీ రాశారు. ఆ కాగితాన్ని ఇన్‌స్పెక్టరే స్వయంగా తెచ్చి ఆమె చేతికివ్వాలనీ రాశారు. తెచ్చిచ్చాడు. ఆయన్ను నిలబెట్టే మొదటి అక్షరం నుంచి చివరిదాకా పైకి చదివి, అప్పుడు అందినట్టు సంతకం పెట్టింది.

డబ్బా మూత తెరిచి ఆకురాయి అందుకుంది. అప్పటికే ఆరుగురు వరసలో ఉన్నారు. మొగుడు పట్టలేని సంబరంతో బల్లకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"పొట్టేలే గెలిచిందే!" అన్నాడు.

"గెలిచింది గానీ, కాస్త పక్కకి జరుగు. నా చేతులు నలుగురికీ కనబడాలి" అంది తాళాలక్క.