చెప్పులు విడిచే మెట్టు

మా జిల్లాలో ఎవరూ ఎవరికీ కాదని చెప్పరు. "చూద్దామండీ" అంటారు, "అంతకంటేనా అండీ" అంటారు, ఇంకా గట్టిగా కాదనాల్సి వస్తే రెండు చేతులూ జోడిస్తారు. ఈ మర్యాద మీద నాకున్నంత కోపం ఇంకెవరికీ ఉండదు. నన్నడిగితే, ముఖం మీద తిట్టేవాడే నయం.

ఉంగుటూరు దాటాక కాలవ గట్టు మీద మా పేట. పేట చివర తెల్లదొరలు కట్టించిన పాత గుడి. చర్చి అనడం మేం చదువుకున్నాక నేర్చుకున్నాం. మా అమ్మకి ఈనాటికీ అది గుడే. గానుగ సున్నం గోడలు, టేకు దూలాలు, బంగాళా పెంకులు. కొల్లేరు పొంగినా నీళ్లు ఎక్కకూడదని పునాది ఎత్తుగా లేపారు. అందుకే వాకిట్లో అన్ని మెట్లు. నా చిన్నప్పుడు వరదొస్తే మా పేటవాళ్లే కాదు, ఊళ్లో రైతుల కుటుంబాలు కూడా పిల్లల్ని చంకనేసుకుని ఆ మెట్లెక్కేవి. అందరం తుంగ చాపల మీదే పడుకునేవాళ్లం. ఎవరి దేవుడెవరని ఆ రోజు ఎవరూ అడగలేదు.

కింది మెట్టు మీద చెప్పులు విడవాలి. అది మా అమ్మ చట్టం. చెప్పులతో లోపలికెళ్తే పాదాలు కమిలిపోతాయని మమ్మల్ని భయపెట్టేది. నేను నమ్మాను. టీచరునై తాడేపల్లిగూడెంలో పిల్లలకి సైన్సు చెప్పే రోజుల్లో కూడా ఆ మెట్టు దగ్గర నా కాళ్లు వాటంతటవే ఆగిపోయేవి.

మా అమ్మ గుడి స్త్రీల సమాజంలో పాటకి పెద్ద. చదువు లేదు. కీర్తనలన్నీ నోటికొచ్చు, ఏది ఏ రాగమో కూడా చెప్పేది. హార్మోనియం లేదు, మైకు లేదు, చేతిలో తాళాలు మాత్రమే. ఆ దూలాల కింద నిలబడి గొంతెత్తితే పాట పైకి వెళ్లి మళ్లీ మన మీదికే దిగేది. "పాడింది మనమే అయినా ఎవరో మనకి పాడినట్టుంటుందే" అనేది అమ్మ.

తర్వాత రోడ్డు పక్కన కొత్త గుడి కట్టారు. స్లాబు, టైల్సు, చెవులు చిల్లులు పడే స్పీకర్లు. పాతదానికి తాళం పడింది. గబ్బిలాలు చేరాయి. అప్పుడు ఏలూరు నుంచి ఒక ట్రస్టు వాళ్లొచ్చారు. పాత కట్టడాన్ని బాగుచేసి కళాకేంద్రం చేస్తామన్నారు. కులం, మతం లేకుండా అందరికీ పాట, ఆట, నాటకం అన్నారు. సంఘం పెద్దలు తలలూపారు. ఆడవాళ్లు మాత్రం మా అమ్మ ముఖం చూశారు. అమ్మ ఊపలేదు.

అందుకని ట్రస్టు సెక్రటరీ మా ఇంటికొచ్చాడు. అరుగు మీద కూర్చుని, టీ తాగి, "మీ ఆశీర్వాదం కావాలి మామ్మగారూ" అన్నాడు.

"పాడుపడేకంటే బాగుపడ్డం మంచిదే బాబూ. నాకు ఒకటే ఆశ. తలుపులు తెరిచిన రోజున మా ఆడవాళ్లం అక్కడ నిలబడి ఒక్క కీర్తన పాడాలి. మళ్లీ ఆ దూలాల కింద పాడి చచ్చిపోతాను" అంది అమ్మ.

"అంతకంటేనా అండీ! మీ పాటతోనే మొదలు."

అతను గేటు దాటాక, "చెవిలో పువ్వు పెట్టి వెళ్లాడమ్మా" అన్నాను. "నీకు అందరూ దొంగలే" అని కసిరింది.

పని సాగినంత కాలం మా అరుగు మీద పాట సాగింది. చేపల చెరువుల మీద పనికెళ్లే ఆడవాళ్లు సాయంత్రం చేతులు కడుక్కుని నేరుగా వచ్చేసేవాళ్లు. అమ్మ పెరుగు మానేసింది, ఆవకాయ మానేసింది. గొంతు నిలవాలని మిరియాల పాలు తాగేది. "పెళ్లికూతురివా ఏంటే అమ్మా" అని ఏడిపిస్తే, "నా పెళ్లి కూడా అక్కడే అయింది, నోర్ముయ్" అనేది.

ప్రారంభం రోజు ఆడవాళ్లందరూ తెల్లచీరలు కట్టుకుని వెళ్లారు, వెంట నేనూ. కింది మెట్టు మీద చెప్పులు వరసగా విడిచారు. మెడలో బ్యాడ్జి వేసుకున్న ఒకాయన పరిగెత్తుకొచ్చాడు.

"చెప్పులతోనే రండమ్మా, పర్లేదు. ఇక్కడ వదిలితే ఫొటోల్లో పడతాయండీ."

ఆడవాళ్లు బిక్కమొహాలు వేశారు. కొందరు మళ్లీ తొడుక్కున్నారు. అమ్మ మాత్రం, "అలవాటు బాబూ" అని ఉత్త కాళ్లతోనే లోపలికెళ్లింది.

లోపల అంతా మార్చేశారు. దూలాలు లేవు. ఉన్నాయట, కింద తెల్లటి సీలింగు కొట్టి మూసేశారు. ఏసీ కోసమట. నేలంతా కార్పెట్టు. పాదిరిగారు రొట్టె విరిచే బల్ల ఉండే చోట స్టేజీ, వెనక నల్ల తెర. అమ్మ తలెత్తి చాలాసేపు చూసింది. 

మమ్మల్ని వెనక వరసలో కూర్చోబెట్టారు. మొదలు పాట మాదన్నవాడు అటు రాలేదు. కొల్లేటి చాంతాడంత ఉపన్యాసాలు అయ్యాయి. తర్వాత ఒకావిడ రాముడి మీద కీర్తన పాడింది. నిజం చెప్పాలి, చాలా బాగా పాడింది. అమ్మ తొడ మీద తాళం వేస్తూ నా చెవిలో, "మోహన రాగమే! మన కోతల పండగ కీర్తన ఇదే వరసే. మనం ఇదే పాడదాం, జత కుదురుతుంది" అంది. ఎనభై దాటిన మనిషి మొహంలో ఆ వెలుగు చూసి నేనే మెత్తబడ్డాను.

అప్పుడొచ్చాడు సెక్రటరీ, చేతులు జోడించుకుని.

"ఒక్క చిన్న మాట మామ్మగారూ. ఇది అందరి చోటు కదండీ, మతపరమైన పాటలు వద్దని కమిటీలో అనుకున్నాం. మీవాళ్లు నాట్లప్పుడు పాడే పాటేదైనా అందుకోండి. అతిథులకి జానపదం అంటే ఇష్టమండీ."

"ఇప్పుడు పాడింది రాముడి మీద కాదా అండీ?" అన్నాను.

"అది శాస్త్రీయ సంగీతం కదండీ."

ఎంత మెత్తగా అన్నాడో! మాది మతం, వాళ్లది సంగీతం, మాకు మిగిలింది నాట్లు. చెంప మీద ఒకటి ఇద్దామని లేచాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"నాట్ల పాట చేలో పాడతాం బాబూ" అంది. లేచి, గోడ పట్టుకుని బయటికి నడిచింది.

ఇంటికి వెళ్లిపోతోందనుకుని సంచీ తీసుకుని వెనకాలే పరిగెత్తాను. అమ్మ ఒక్కొక్క మెట్టూ దిగి కింది మెట్టు దగ్గర ఆగింది. రబ్బరు చెప్పులు వెతుక్కుని తొడుక్కుంది. మళ్లీ మెట్లెక్కింది. కుర్చీల మధ్య నుంచి, తిన్నగా, తల వంచకుండా స్టేజీ దాకా నడిచింది. తనకి పెళ్లయిన చోట, మాకందరికీ బాప్తిస్మం అయిన చోట, నాన్న శవపెట్టె దించిన చోట చెప్పులతో నిలబడింది. జానపదం దొరికిందనుకున్న సెక్రటరీ ఆనందంగా మైకు పట్టుకొచ్చాడు.

"పాడ్డానికి కాదు బాబూ. హాలు ఎలా కట్టారో చూద్దామని వచ్చాను" అంది అమ్మ. వెనక్కి తిరిగింది. మా ఆడవాళ్లు కూడా ఒక్కొక్కరే లేచి వచ్చేశారు. మేం వెళ్లిపోతుంటే జనం చప్పట్లు కొట్టారు. ఎందుకు కొట్టారో వాళ్లకే తెలియాలి.

పేట ఈ చివరనున్న మా ఇంటికి ఆటోలో వెళ్తూ నేను ఆ సెక్రటరీని నోటికొచ్చినట్టు తిడుతూనే ఉన్నాను. అమ్మ వినడం లేదు. కాళ్లు ముందుకు చాపి పాదాల వంకే చూసుకుంటోంది. కాలవ మలుపు దాటాక నా భుజం తట్టింది.

"చెప్పులతో అంత దూరం నడిచానే అమ్మాయ్" అంది. "ఏమీ కాలేదు."

ఆ మాట అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.