బరువు తగ్గించిన కారు

వేగాన్ని ప్రతిభగా పొగిడేవారు పెరుగుతున్నందున ఇది రాయక తప్పలేదు. డెబ్బయ్యో దశకంలో మా చెల్లెలి భర్త తన చిన్న కారుతో ఒక మిల్లు యజమాని విదేశీ కారును ఓడించాలని పట్టుబట్టాడు. "బరువు తగ్గాలండీ బావగారూ!" అంటూ వెనక సీటు, స్టెప్నీ, చివరకు హారను కూడా పీకించాడు.

నిండు గర్భిణి అయిన చెల్లెల్ని పురిటికి భవానీపురంలోని మా ఇంటికి తెస్తుండగా, గన్నవరం దగ్గర ఆ విదేశీ కారు వారిని దాటిపోయింది. "కాసేపు దిగవే, బరువు!" అని ఆమెను ఎండలో రోడ్డు పక్కన దింపి దాని వెంటపడ్డాడు. ఆమె బస్సెక్కి ఒంటరిగా ఇల్లు చేరింది.

సాయంత్రం అతడు నవ్వుతూ గుమ్మంలో నిలిచాడు. "గెలిచానండీ బావగారూ!"

"ఈ బరువు ఇంక ఆ కారెక్కదని చెప్పన్నయ్యా" అంది చెల్లెలు లోపలినుంచి.

కారు భాగాల పేర్లలో పొరపాట్లుంటే పాఠకులు దిద్దగలరు. నా అసహ్యాన్ని మాత్రం దిద్దవద్దని మనవి.