కొరికి చెప్పిన మాట

మొన్న గురువారం ఉదయం పదిన్నరకి, రాజమండ్రిలో ఏదో ఆఫీసులో పనిచేసే మా మనవరాలు జ్వరమొచ్చి సెలవు పెట్టి నా మంచం మీద ముసుగుతన్ని పడుకుని ఉండగా, దాని ఫోను టింగుమంది. చూసి నవ్వింది, ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఏంటే అంటే, "ఈ రోజు చాలా బాగా పనిచేశావని మా ఆఫీసు మెచ్చుకుంటోంది మామ్మా, రోజూ అందరికీ ఇలాగే వస్తుంది. మానేస్తాను ఈ ఉద్యోగం" అంది. పనికి వెళ్ళని రోజున కూడా మెచ్చుకునే ఆ యంత్రాన్ని తిట్టాలో, ఉద్యోగం మానేస్తానంటున్న పిల్లని తిట్టాలో తేలక కూర్చున్నాను. నా ఈడువాళ్ళకి చెబితే అర్థమవుతుందని, ముసలితనంలో నేర్చుకున్న అక్షరాలతో ఇది రాస్తున్నాను.

పెళ్ళయిన కొత్తలో మా అత్తగారి వెనకాలే నేనూ మండపేటలో ఉప్పుడు బియ్యం మిల్లుకి పనికి వెళ్ళేదాన్ని. ఉడికించిన ధాన్యాన్ని సిమెంటు కళ్ళం మీద పలచగా పోసి, ఎండ ముదిరే కొద్దీ నాగటి చాళ్ళలా కాళ్ళతో తిరగెయ్యడం మా పని, ఎవరి చాలు వాళ్ళదే. చెమ్మ మిగిలితే మరలో గింజ నుజ్జవుతుంది, మరీ ఎండితే నూకవుతుంది. మా మేస్త్రి వరసకి నాకు చినమామగారు. పొద్దువాలే ముందు ప్రతి చాలు దగ్గరా ఆగి, ఒక గింజ ఒలిచి పంటి కింద పెట్టేవారు. టక్కుమంటే "పలికిందమ్మా" అనేవారు, మెత్తగా నలిగితే "మూగది" అని ముందుకు వెళ్ళిపోయేవారు. అరికాళ్ళు బొబ్బలెక్కిన రోజున కూడా పలికిందన్న మాట వింటే ఇంటికెళ్ళి కూర రుచిగా వండబుద్ధయ్యేది, మూగదన్న రోజున మా ఆయన మీద విసుక్కునేదాన్ని గానీ, అది తిట్టని మాత్రం ఎన్నడూ అనుకోలేదు.

పళ్ళు కదిలాక ఆ పెద్దాయన పెద్దాపురంలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. ఆ పని మిల్లు కామందుగారి అల్లుడి చేతికొచ్చింది. మంచివాడే, నోరెత్తి ఒక్క మాట అనడు. అదే వచ్చిన చిక్కు. ఎవరు చూశారులే అని మా కాళ్ళు బరువెక్కాయి. కాలవ అవతల కొత్త మిల్లుకి పోదామని నా తోడికోడలు పట్టుబట్టింది, వస్తానని నేనూ మాటిచ్చేశాను. అత్తగారు మాత్రం ఆ కళ్ళం వదలనంది. ఒకే కుండలో తినేవాళ్ళం రెండు మిల్లుల పాలవుతామని నాకు రాత్రుళ్ళు నిద్ర పట్టేది కాదు. ఇంతలో ఆ అల్లుడుగారికి ఎవరు ఉపదేశించారో గానీ, సాయంత్రమయ్యేసరికి గేటు దగ్గర చేతులు జోడించి "చాలా బాగుందండీ, అందరికీ థాంక్సండీ" అనడం మొదలుపెట్టాడు. "పాస్టరుగారు కూడా ఇంతలా దీవించరు" అని నా తోడికోడలు మూతి తిప్పేది.

మబ్బు పట్టిన ఒక రోజు ఎండ చాల్లేదు, నా ధాన్యంలో చెమ్మ ఉందని నా కాళ్ళకే తెలుస్తోంది. ఆ సాయంత్రమూ ఆయన అదే దీవెన. నాకు ఒళ్ళు మండింది.

"కొరికారా అల్లుడుగారూ?"

"కొరకడమేంటండీ?"

"చూడకుండా బాగుందంటే మాకెందుకండీ ఆ మాట? నా గింజ కొరికి చెప్పండి."

అత్తగారు నా కొంగు పట్టి లాగింది. ఆయన నా చాలు దగ్గరికొచ్చి, వంగి గింజ తీసి, ఒలిచి, కొరికాడు. మా మాటల్లో ఎప్పుడు విన్నాడో, "మూగదేనండీ. రేపు మళ్ళీ ఎండబొయ్యాలండీ" అన్నాడు.

"నోరంతా మా అక్కే తీసేసుకుందండీ, ఇంక గింజకేం మిగులుద్ది!" అంది నా తోడికోడలు. కళ్ళమంతా గొల్లుమంది. ఆయనా నవ్వి, చెప్పులు విడిచి, ఒక్కొక్క చాలూ కొరుక్కుంటూ వెళ్ళాడు. నా తోడికోడలి గింజ టక్కుమంది. "పలికిందండీ" అని ఆయన అనగానే అంత నోరున్న మనిషీ మొహానికి కొంగు అడ్డం పెట్టుకుంది. కాలవ అవతలి మిల్లు ఊసు మా ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు కళ్ళాలు లేవు, ధాన్యం యంత్రంలోనే ఎండుతోంది. చెమ్మ ఎంతో చెప్పడానికి అరచేతిలో పట్టే మీటరుంది. అది అబద్ధమాడదు, ఒప్పుకుంటాను. కానీ ధాన్యం సంగతి చెబుతుందే గానీ, దాన్ని తిరగేసిన మనిషి వైపు చూడదు; మా పిల్ల ఫోనైతే ఆ రెండూ చూడకుండానే మెచ్చుకుంటుంది. అందుకే ఆ సాయంత్రం అక్కడ ఉన్నవాళ్ళని వరసగా తలుచుకుంటున్నాను: మొదటి చాలులో మా అత్తగారు, పక్కన నా తోడికోడలు, ఆ పక్కన మా వీధి చివరింటి వదిన, ఆవిడ కూతురు, బాయిలరు దగ్గర మా ఆడపడుచు భర్త, నోట్లో గింజతో కామందుగారి అల్లుడు, ఆఖరి చాలులో నేను.