మారథాన్ మధ్యలో పోయిన పెదనాన్న

పరువు పోవడానికి మామూలు మనిషికి ఏళ్లు పడుతుంది. నాకు ఒక్క పూట చాలింది. ఎలా పోయిందో చెప్తాను, నవ్వితే నవ్వండి గానీ మా ఇంట్లో మాత్రం ఈ మాట ఎత్తకండి.

అప్పుడు నాకు ఇరవై ఎనిమిదేళ్లు. సాలూరులో ఒక లారీ ఆఫీసులో గుమస్తాని. విజయనగరంలో పెళ్లిచూపులకి వెళ్లాను. అమ్మాయి పేరు భారతి, బ్యాంకులో ఉద్యోగం, రోజూ తెల్లారేసరికి పది కిలోమీటర్లు పరిగెడుతుందట. చూడగానే నచ్చేసింది. ఆ తొందరలో నోరు జారాను.

"నేనూ పరిగెడతానండి."

"అలాగా. వచ్చే నెల మీ కొండల్లోనే మారథాన్ ఉంది, నేను పేరిచ్చాను. మీరూ ఇస్తారా?"

"ఇచ్చేశానండి."

నిజానికి నేను అంతవరకూ పరిగెత్తింది కదిలిపోతున్న బస్సుల వెనకాలే. భారతి నవ్వి, "అయితే పరుగయ్యాక మా నాన్నగారికి నా మాట చెప్తాను" అంది. అంటే నా పెళ్లి నలభై రెండు కిలోమీటర్ల అవతల నిలబడి ఉందన్నమాట.

ఇరవై ఒక్క కిలోమీటర్ల కొండదారి, రెండుసార్లు చుట్టి రావాలి. "దారిలో షామియానా వేసిన చోట మజ్జిగ, అరటిపళ్లు ఉంటాయి" అని చెప్పి ఏడింటికి జెండా ఊపారు. మొదటి కొండకే భారతి కనుమరుగైంది. రెండో కొండకి నా కాళ్లు నా మాట వినడం మానేశాయి. కొండల మీద మంచు, కింద జీడితోటలు, పక్కనే వాగు, చూడ్డానికి రెండు కళ్లూ చాలవట. నేను చూసింది నా బూట్లనే. ఒకావిడ నెత్తిన కట్టెల మోపుతో నన్ను దాటిపోతూ, "పక్కకి జరుగు బాబూ" అంది. జరిగాను.

పదిన్నరకి ఒక ఊళ్లో షామియానా కనిపించింది. ప్రాణం లేచొచ్చింది. కుర్చీలు, జనం, మజ్జిగ బిందె, అరటి గెలలు. నలుగురు గుండ్లతో ఉన్నారు, తిరుపతి వెళ్లొచ్చి ఉంటారనుకున్నాను. నేరుగా వెళ్లి రెండు గ్లాసుల మజ్జిగ తాగి, మూడు పళ్లు తిని, నాలుగోది ఒలుస్తూ, "ఏర్పాట్లు అదిరిపోయాయండి" అన్నాను. ఒక్కరూ నవ్వలేదు.

గుండుతో ఉన్న ఒక పెద్దాయన అడిగాడు. "ఎవుల తాలూకా బాబూ నువ్వు?"

"మారథాన్ తాలూకా అండి. ఇంకో రౌండుంది, మళ్లీ వస్తాను."

షామియానా కింద తలలన్నీ నావైపు తిరిగాయి.

"సావు జరిగినింట్లో మళ్లీ వస్తానని అనకూడదు బాబూ," అన్నాడాయన మెల్లగా. "ఈయేల పెద్దకర్మ."

నెత్తిన పిడుగు పడ్డా అంత అదిరేవాణ్ణి కాను. నోట్లో నాలుగో అరటిపండు సగం ఉంది. మింగాలా, ఉమ్మాలా? సిగ్గుతో దించిన తల మళ్లీ ఎత్తలేదు. తప్పయిపోయిందని వెనక్కి తిరగబోతే ఆయనే చెయ్యి పట్టుకున్నాడు.

"తెలీక అన్నావులే. ఆకలితో ఒచ్చినోడివి, ఓ ముద్ద తినెల్లు. కూకో."

అంతటి మనిషిని ఎలా కాదంటాను? పరిగెత్తి పాలు తాగేకన్నా నిలబడి నీళ్లు తాగడం మేలన్నారు పెద్దలు. నేను కూర్చుని గారెలు తిన్నాను. పప్పు, గుమ్మడికాయ పులుసు, పరమాన్నం. వద్దన్నకొద్దీ వడ్డించారు. నేనూ గట్టిగా వద్దనలేదనుకోండి. తిన్నాక రాటకి జారబడి ఐదు నిమిషాలని కళ్లు మూశాను.

"మీరేమిటి ఇక్కడ?"

కళ్లు తెరిస్తే ఎదురుగా భారతి. రెండో రౌండులో ఉంది, ఆడవాళ్లందరికన్నా ముందుంది. నా చొక్కా మీద పరమాన్నం ఉంది. నిజం చెప్తే సంబంధం పోతుంది. నిద్రమత్తులో నా బుర్రకి అంతకన్నా గొప్ప ఉపాయం తట్టింది.

"మా పెదనాన్న పోయారండి," అన్నాను గొంతు వణికిస్తూ. "దారిలో తెలిసింది. కాళ్లు ముందుకి పడలేదు."

పాపం, ఆ పిల్ల మొహం చిన్నబోయింది. పందెం మాట మరిచిపోయి బూట్లు విప్పింది. వెనకనుంచి ఇద్దరమ్మాయిలు దాటిపోతున్నా పట్టించుకోకుండా, షామియానా చివర బల్ల మీదున్న ఫొటోకి దండం పెట్టింది. నాకు ఉత్సాహం వచ్చింది.

"నన్ను ఎత్తుకు పెంచాడండి. ఆ మీసాలు పట్టుకుని ఊగేవాణ్ణి."

"మీసాలా?" అంది భారతి, ఫొటో వంకే చూస్తూ.

"ఇంతింత మీసాలండి." తల దించుకునే చేత్తో కొలత కూడా చూపించాను.

గుండు పెద్దాయన దగ్గరకొచ్చాడు. "ఏటి బాబూ, మా అమ్మకి మీసాలేటి?"

అప్పుడు ఎత్తాను తల. పూలదండ మధ్యలోంచి ఒక ముసలమ్మ, రెండు ముక్కుపుడకలతో, నన్నే చూస్తోంది. ఆవిడ పెద్దకర్మలో కడుపునిండా తిని, ఆవిడ ఎదురుగా నిద్రపోయి, ఆవిడకే మీసాలు పెట్టాను. భూమి బద్దలైతే బాగుండుననిపించింది గానీ అది సాలూరు బండనేల, అంత తేలిగ్గా బద్దలవదు.

భారతి బూట్లు తొడుక్కుని, లేసులు బిగించుకుంది.

"మీ పెదనాన్నగారికి ముక్కుపుడకలు బాగా నప్పాయండి," అని పరుగందుకుంది.

మొదటి స్థానం రావలసిన పిల్లకి నావల్ల మూడోది వచ్చిందట. నన్ను నిర్వాహకులు జీపెక్కించి దింపారు. విజయనగరం నుంచి ఫోను రాలేదు, రాదని నాకూ తెలుసు.

కనుక పాఠకులారా, తిన్న ప్రతి గారె సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇకమీదట దండ వేసిన ఫొటో కనబడితే, అందులో ఉన్నది ఆడో మగో రూఢి చేసుకోకుండా ఒక్క చుక్క కన్నీరు కూడా కార్చను.