దూలం కింద నాలుగో తరగతి

మూడేళ్ల కిందట నేను ఆదోనిలో మండల విద్యాధికారిని, అందరూ పిలిచే మాటలో ఎంఈవోని. జూన్‌లో బడులు తెరిచిన కొత్తలో మరియమ్మ అనే కూలి మనిషి మా ఆఫీసుకు వచ్చింది. ఆమె కూతురు ఒక ప్రైవేటు బడిలో నాలుగో తరగతి.

"మేడమ్, పై అంతస్తులో పెచ్చులూడి పడతాండాయంట. పాపను పంపేకి భయమైతాంది. మానిపిస్తే సదువు పోతాది. మీరన్నా వచ్చి సూడండి."

వెళ్లి చూశాను. పిల్లల నెత్తి మీద దూలం పొడవునా పగిలి, లోపలి కమ్మి తుప్పుపట్టి కనిపిస్తోంది. కింద ఖాళీ గదులు లేవన్నాడు కరస్పాండెంట్, అంటే బడి నడిపే ఆయన. బిల్డింగ్ సౌండ్‌నెస్ సర్టిఫికెట్ తీసి చూపించాడు. భవనం గట్టిగా ఉందని ప్రభుత్వ ఇంజినీరు ఇచ్చే పత్రం అది. గడువు ఇంకా ఉంది.

ఆ పత్రం ఇచ్చిన ఇంజినీరుకు ఫోన్ చేస్తే, చర్య తీసుకోవాల్సింది మున్సిపాలిటీ అన్నాడు. మున్సిపాలిటీ టౌన్ ప్లానింగ్ అధికారి, బడి మీ శాఖది కదా అన్నాడు. ఇంజినీరు రిపోర్టు లేనిదే తాళం వేయొద్దని మా పైవాళ్లు చెప్పారు. ఇంతలో వాన పట్టుకుంది. మా ఉత్తరాలు ఆఫీసుల మధ్య తిరుగుతున్నాయి, పిల్లలు ఆ గదిలోనే కూర్చుంటున్నారు. ఫోన్ మోగితే చాలు, ఆ బడి నుంచేనేమో అని చూసేదాన్ని.

వాన తెరిపివ్వని ఒక ఉదయం ఇంజినీరునూ టౌన్ ప్లానింగ్ అధికారినీ బతిమాలి బడికి రప్పించాను. పాఠం జరుగుతోంది. నేను లోపలికి వెళ్లి దూలం కింద నిలబడ్డాను. ఇంజినీరు గడప దగ్గరే ఆగిపోయాడు.

"లోపలికి రండి సార్."

"ఈడనుంచే కనపడతాంది లేండి మేడమ్."

టౌన్ ప్లానింగ్ ఆయన కూడా వెనకే ఆగాడు. పిల్లలు వాళ్లిద్దరి వైపు చూసి, తర్వాత తలలెత్తి పైకి చూశారు.

"మీరే రాలేకపోతున్నారు సార్," అన్నాను. ఇక ఎవరి ఉత్తర్వు కోసమూ ఆగకుండా, పిల్లల్ని వరసగా కిందికి దింపమని టీచరుకు చెప్పాను. వాళ్లు దిగాక, వరండాలోనే ముగ్గురం ఒకే కాగితం మీద సంతకాలు చేసి పై అంతస్తు మూయించాం.

సాయంత్రం తల్లిదండ్రులు గేటు దగ్గర నన్ను చుట్టుముట్టారు. "ఫీజు కట్టినాము. ఇప్పుడు యాడికి పంపల్ల?" అంటూ ఒకాయన మీదికొచ్చాడు. అక్కడే ఫోన్ తీశాను. దగ్గరి ప్రభుత్వ హైస్కూలు హెడ్మాస్టరు ఫోన్‌లో గదులిస్తానని ఒప్పుకున్నాకే ఊపిరి తీసుకున్నాను.

ఆ దూలం కూలలేదు. దసరా తర్వాత కొత్తది వేశాకే పై అంతస్తు తెరవనిచ్చాం. ఊరికే అందర్నీ భయపెట్టిందని నన్ను అన్నవాళ్లున్నారు. మరియమ్మ మాత్రం కూతుర్ని ప్రభుత్వ బడికే మార్చుకుంది.

ఎవరి ఆఫీసులో వాళ్లం కూర్చున్నంతసేపూ మా ముగ్గురి దగ్గరా సరైన నిబంధనే ఉంది. నిర్ణయం మాత్రం పిల్లల ఎదుట నిలబడ్డాకే వచ్చింది. ఇప్పుడు నేను పనిచేసే ఎమ్మిగనూరులో ప్రైవేటు బడుల గుర్తింపు పొడిగించాలంటే మూడు శాఖలవాళ్లం కలిసే వెళ్తాం, అదీ క్లాసులు నడిచే వేళ. ఆలస్యమవుతోందని కరస్పాండెంట్లు విసుక్కుంటారు. విసుక్కోనీ అనుకుంటాను.