ఫ్రీజర్‌లో దాచిన వడగళ్ళు

పార్సిల్ రియాద్ గోదాము దాటిందని ఫోనులో చూసినప్పుడు నేను చపాతీ పిండి కలుపుతున్నాను. పిండి చేత్తోనే తెర మీద వేలు పెట్టి మళ్ళీ చూశాను. చిన్న పచ్చ చుక్క, దాని పక్కన హాయిల్ దారిలో ఉందని ఇంగ్లీషులో రెండు ముక్కలు. ఆ చుక్కలో మా పాప చెవి ఉంది.

మా పాపకు ఎనిమిదేళ్ళు. పుట్టుకతోనే ఎడమ చెవి పనిచేయదు. కుడి చెవికి మిషన్ పెడితే వినిపిస్తుంది. ఆ మిషన్ మొరాయించి, రిపేరుకని రియాద్‌లోని దుకాణానికి వెళ్ళి పన్నెండు రోజులైంది. వినబడకపోతే పిల్లలు తమ గొంతు తామే వినలేక మెల్లగా మాట మానేస్తారని డాక్టరమ్మ మొదట్లోనే హెచ్చరించింది. సరిగ్గా అలాగే జరుగుతోంది. రోజుకు నూరు ప్రశ్నలు వేసే పిల్ల, కావలసినదాన్ని వేలితో చూపించి ఊరుకోవడం మొదలుపెట్టింది. నాకు భయం పట్టుకున్నది అక్కడే.

ఎందుకంటే ప్రశ్న అడగడమే మా ఇంటి చదువు. నేను బడి గడప తొక్కలేదు. మా నాయన అంగడి నుంచి వచ్చిన పొట్లాల కాగితాలు విప్పి, చేత్తో సాపు చేసి నాతో చదివించేవాడు. సగం వార్త మా పొట్లంలో ఉంటే, మిగతా సగం ఇంకెవరింటి పొట్లంలోనో ఉండేది. "మిగతాది ఎట్లుంటుందో నువ్వే చెప్పు" అనేవాడు. అలా అక్షరాలతో పాటు తెలుసుకోవాలనే యావ కూడా నాకు అంటుకుంది. అల్లా దయవల్ల వచ్చిన ఆస్తి అది. పాపకు ఇంట్లో నేనే చదువు చెబుతున్నాను. పుస్తకాల కంటే ముందు ఆ యావనే అప్పజెప్పాను.

మా ఆయన లారీ డ్రైవరు. సౌదీలో మేముండే హాయిల్ చుట్టుపక్కల మజ్రాల నుంచి, అంటే ఇక్కడి పొలాల నుంచి, టమోటాలూ కీరకాయలూ రియాద్ మార్కెట్టుకు తోలుతాడు. మిషన్ తయారైందని దుకాణం వాళ్ళు చెప్పిన రోజున ఆయన లోడు ఎత్తించుకుంటున్నాడు. మరునాడు రియాద్‌లోనే ఉంటాడు. వెళ్ళి తీసుకుని చొక్కా జేబులో వేసుకుని వస్తే సరిపోయేది. మావాళ్ళలో ఎవరైనా అదే చేస్తారు. ఊరగాయైనా, మందులైనా, సర్టిఫికెట్లైనా వచ్చే మనిషి చేతికిచ్చి పంపడమే మాకు తెలిసిన పోస్టు. శుక్రవారం నాడు రియాద్‌లోని బతా బజారులో నిలబడితే, ఏ ఊరికి ఏ వస్తువు పంపాలన్నా ఎవరో ఒకరు దొరుకుతారు.

నేను మాత్రం ఆయనకు చెప్పకుండా కొరియర్‌లో పంపమన్నాను. రియాద్‌లో ఆయనకు దమ్మామ్ లోడు తగిలితే వారం దాకా రాడు. ముందొకసారి అలాగే అయింది. అది ఒక కారణం. నిజం చెప్పాలి కదా, ఇంకొకటి కూడా ఉంది. పార్సిల్ ఎక్కడ పోతోందో ఫోనులో కనిపిస్తుందని ఎవరో అన్నారు. చూడాలనిపించింది.

మరునాడు మధ్యాహ్నం ఆయన ఫోను చేశాడు.

"ఆ మిషన్ అంగడి యాడుంది మే? లోడు దింపేసినా. ఖాళీగా వస్తాండా, తెచ్చేస్తా."

"అది పొద్దున్నే బండెక్కేసింది."

"ఏ బండి?"

"కొరియర్ బండి."

ఆయన పెద్దగా నవ్వాడు. "ఇంట్లో లారీ పెట్టుకోని ఇంకో లారీకి బాడుగ కట్టినావా? నీ మొగుడు డ్రైవరని గ్యాపకం రాలేదా?"

"నువ్వు మళ్ళా దమ్మామ్ పోతావేమోనని..."

"పోలేదు లే. ఇద్దరమూ ఒకే దావన వస్తాండాం. చూద్దాం, నీ కొరియరోడు ముందా, నేను ముందా."

ఆ పందెం మొదలైన సాయంత్రమే గాలివాన వచ్చింది.

హాయిల్ చలి మాకు కొత్త కాదు. కానీ ఆ రోజు అసర్ నమాజు ముగించి లేచేసరికి కిటికీ అవతల పగలే లేదు. ముందు దుమ్ము, తర్వాత వాన, ఆ వెనకే వడగళ్ళు. రేగుపండ్లంత కొన్ని, నిమ్మకాయలంత కొన్ని. మా వాకిట్లో పైన కప్పిన రేకు మీద పడుతుంటే నా మాట నాకే వినబడలేదు. ఎదురింటి సౌదీ పెద్దావిడ గుమ్మంలో నిలబడి రెండు చేతులూ పైకెత్తింది. నేనూ కిటికీ దగ్గరే నిలబడి, ఇది మేలు చేసే వాన కావాలని దువా చేశాను.

పాప వచ్చి నా కొంగు పట్టుకుని గుంజింది. ఎగిరి పడుతున్న తెల్లటి గుండ్లను చూసి, ఎన్నో రోజుల తర్వాత నోరు తెరిచింది.

"మ్మా, అవి అరుస్తాండాయా?"

అరుస్తున్నాయని తల ఊపాను.

"ఎట్ల?"

ఎట్లని చెప్పను? పెదవుల కదలిక చూసి కొంత అర్థం చేసుకుంటుంది గాని, ఆ చప్పుడుకు పెదవుల్లో ఏముంది? వంటింట్లోకి తీసుకుపోయి స్టీలు పళ్ళెం పట్టుకోమని, పైనుంచి గుప్పెడు కందిపప్పు పోశాను. పళ్ళెం అదిరింది. పాప ముఖంలో ఏ మార్పూ లేదు. "ఇంతేనా?" అంది.

ఇంత కాదు. వాకిలి ఇనుప తలుపు దగ్గరకు తీసుకుపోయి దాని రెండు అరచేతులూ తలుపుకు ఆనించాను. బయట వడగళ్ళు తలుపును బాదుతున్నాయి. పాప కళ్ళు పెద్దవయ్యాయి. చేతులు తీసింది, మళ్ళీ పెట్టింది, చెంప కూడా ఆనించింది. వాన కాస్త తగ్గాక ఖాళీ పెరుగు డబ్బా పట్టుకుని వాకిట్లోకి పరుగెత్తి, దొరికినన్ని ఏరుకుంది.

"దాచిపెడ్తా. చెవి వచ్చినాక ఇంటా."

డబ్బా ఫ్రీజర్‌లో గోంగూర పొట్లాల పక్కన పెట్టాము. ఆ రాత్రి వాన వల్ల మసీదులో మగ్రిబ్, ఇషా నమాజులు రెండూ కలిపే చదివేశారు. నేను ఇంట్లో నమాజు చేసుకుని ఫోను చూశాను. పచ్చ చుక్క కదలలేదు. దాని కింద వాతావరణం వల్ల ఆలస్యమని కొత్త మాట చేరింది.

పొద్దున ఆయన ఫోను.

"బురైదా దాటినాక వాదీ రోడ్డెక్కింది మే. నీళ్ళు పారతాండాయి. పోలీసోళ్ళు ఆపేసినారు. నూరు బండ్లు నిలబడినాయి."

వాదీ అంటే ఏడాదిలో చాలా రోజులు ఎండి ఇసుకగా పడుండే వాగు. వాన పడితే దాన్ని నమ్మడానికి లేదు.

"నువ్వు ఎత్తులో ఉండావా?"

"గట్టు మీదే ఉండా. టీ కాంచుకోని తాగినాం."

అల్హమ్దులిల్లా అనుకున్నాను. మరుక్షణం నోరు ఊరుకోలేదు. "ఆ లైనులో కొరియర్ బండి ఉందేమో చూడు."

"తిన్నావా, పండుకున్నావా అని అడిగేది లేదు. నన్ను పోస్టుమేన్ చేసినావు కదా!"

అన్నాడే గాని, ఫోను పెట్టేయకుండా నడిచాడు. బురదలో చెప్పుల చప్పుడు, గాలి, ఇంజన్లు. ప్రతి లారీ దగ్గరా ఒకటే మాట. "భాయ్, హాయిల్ కా పార్సిల్ హై క్యా?" ఒకడు తన దగ్గర కోళ్ళున్నాయి, కావాలా అన్నాడు. ఇంకొకడు తన దగ్గర సిమెంటు ఉందని, అది ఈపాటికి రాయి అయి ఉంటుందని వాపోయాడు. ఎంతసేపటికో ఒక గొంతు "హై" అంది, ఉందని. పెషావర్ పక్క పఠాన్ డ్రైవరట. బండి పెట్టెకు సీలు వేశారట. హాయిల్ గోదాములో తప్ప దాన్ని ఎవరూ తెరవకూడదు. లోపల ఏముందో డ్రైవరుకు కూడా తెలియదట.

"లోపల నా బిడ్డ చెవి ఉంది" అని ఆయన ఉర్దూలో అనడం విన్నాను. ఫోను చేతులు మారింది. "బాజీ, ఫికర్ మత్ కరో" అన్నాడు పఠాన్. అక్కగారూ, దిగులు పడవద్దు అని. కానీ మా ఆయన ఫోను మళ్ళీ తీసుకున్నప్పుడు గొంతు మారింది.

"వీని బండి పల్లంలో ఉండాది మే. టైర్ల దాకా నీళ్ళు. ఉండు, మళ్ళా చేస్తా."

రెండు గంటలు ఫోను రాలేదు. ఆ రెండు గంటలూ నేను ఏమేమి దువాలు చదువుకున్నానో అల్లాకే తెలుసు. చివరికి వచ్చింది. ఏమీ కానట్టు చెప్పాడు. తన లారీని వెనక్కి తీసి పల్లంలో పెట్టి, గట్టు మీద తన చోటును కొరియర్ బండికి ఇచ్చాడట.

"నీ బండి తడవదా?"

"నాది ఖాళీ బండి. తడిస్తే ఖాళీ టమోటా డబ్బాలు తడుస్తాయి. వాని బండిలో ఎంతమంది సామాన్లున్నాయో."

అప్పటిదాకా నేను ఒక్క పార్సిల్ గురించే అనుకున్నాను. ఆ పూట కూర్చుని ఆ సీలు వెనక ఏమేమి ఉంటాయా అని ఆలోచించాను. ఎవరివో మందులు, ఎవరిదో పాస్‌పోర్టు, ఎవరికో కొత్త బూట్లు. అందరూ నాలాగే చుక్క చూస్తుంటారు. వాళ్ళందరి కోసమూ ఒక్క దువా చేశాను. విడివిడిగా చేయడానికి పేర్లు తెలియవు.

మూడోరోజు దారి తెరిచారు. గట్టు మీది బండ్లు ముందు కదిలాయి, పల్లంలోవి చివర. ఆయన ఇల్లు చేరేసరికి గడ్డం నిండా బురద. గుమ్మంలోనే చేతులు చూపించాడు, ఖాళీ అని. పాప ఆ చేతుల్ని తిప్పి వెనకవైపు కూడా చూసింది.

"ఓడిపోయినా" అన్నాడు నాతో. "నీ కొరియరోడు గెలిచినాడు. వాని గోదాములో కొండంత సామాను పడుండాదంట. ఎప్పుడిస్తారో ఏమో."

మరునాడు పొద్దున ఆయన ఒళ్ళు తెలియకుండా నిద్రపోతుంటే నా ఫోను మోగింది. తెలియని నంబరు. మామూలుగా నేను ఎత్తను. ఆ రోజు బిస్మిల్లా అని ఎత్తాను. ఇంటింటికీ సామాను తెచ్చే మనిషి, ఇక్కడ మందూబ్ అంటారు. మా వీధి చివర వాన్ బురదలో దిగబడితే నడిచి వచ్చాడు. తలుపు ఓరగా తీశాను. బంగ్లాదేశ్ మనిషి, మోకాళ్ళ దాకా మట్టి. వచ్చిన కోడ్ చెప్పమన్నాడు. ఫోనులో నాలుగంకెలు చూసి చదివాను. నేను చదువుకున్న చదువంతా ఆ నాలుగంకెల కోసమే అన్నట్టు నిదానంగా చదివాను.

గడప మీద టీ గ్లాసు పెట్టాను. "పొద్దుటి నుంచి అందరూ తిట్టినవాళ్ళే" అన్నాడు ఉర్దూలో, ఊదుకుని తాగుతూ.

అట్టపెట్టె ఒక మూల తడిసి మెత్తబడి ఉంది. విప్పితే లోపల ప్లాస్టిక్ సంచి, దానిలో ఇంకో సంచి, దానిలో తేమ పీల్చే చిన్న పొట్లాలు రెండు, అన్నిటికంటే లోపల పొడిగా మిషన్. అంత జాగ్రత్తగా కట్టిన చేతులు ఎవరివో నాకు తెలియదు. ఇప్పటికీ వాటిని దువాలో తలుచుకుంటాను.

చెవికి తగిలించగానే పాప ముఖం చిట్లించింది. "నాయన గురక!" అంది. తర్వాత నేరుగా ఫ్రీజర్ దగ్గరకు పోయింది.

వడగళ్ళన్నీ కలిసి ఒకే గడ్డ అయిపోయాయి. పాప డబ్బా ఊపి చూసి నా వైపు చాచింది. గడ్డను గుడ్డలో చుట్టి రోకలితో కొట్టాను. ఆ చప్పుడుకు ఆయన లేచి వచ్చి, సంగతి విని, మారుమాట లేకుండా నిచ్చెన వేసుకుని వాకిలి రేకు పైకి చేరాడు. పాప కింద నిలబడింది. ఆయన ఒక్కో ముక్కే వదిలాడు.

టక్. టక్. టకటక్.

"మ్మా, ఇది పప్పు కానే కాదు!" అని నన్ను కోప్పడింది. డబ్బా ఖాళీ అయ్యేదాకా తల పైకెత్తి వింది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఆ పొద్దు అన్నీ ఒక్కసారే పడినాయి కదా? ఒక్కసారే పడితే ఎట్ల ఉంటాది?"

నా నోటికి మా నాయన మాట వచ్చింది.

"మిగతాది ఎట్లుంటుందో నువ్వే చెప్పు" అన్నాను.

పాప కళ్ళు మూసుకుని, చాలా పెద్ద గొంతుతో చెప్పడం మొదలుపెట్టింది. ఎదురింటి పెద్దావిడ తలుపు తీసి చూసింది.